మూత్రంలో మంటకు పల్లేరు కషాయం: పొయ్యి మీద పెట్టేముందు, పెట్టాక

హైదరాబాదులో ఏప్రిల్ దాటిందంటే ఇంటింటా ఒకటే మాట: "వేడి చేసింది". నోట్లో పుండు లేచినా వేడే, కళ్లు మండినా వేడే, ఒంటికి పోతే మండినా వేడే. ఈ చివరిదానికి మందు కూడా పెద్దవాళ్ల నోటి మీదే ఉంటుంది. రాత్రి ధనియాలు నానబెట్టు, బార్లీ కాచు, పల్లేరు కాయలు తెచ్చి కషాయం పెట్టు అంటారు. ఈ సలహాలు కొట్టిపారేయదగ్గవి కావు. చిక్కల్లా ఒక్కటే. మంట ఒకేలా ఉన్నా దాని వెనకున్న కారణం ఒకటే కాదు. అది తేల్చుకోకుండా పొయ్యి వెలిగిస్తే కషాయం బాగానే కుదురుతుంది, జబ్బు మాత్రం కిడ్నీ దాకా పాకుతుంది.

మొదటి రకం, నీళ్లు చాలక వచ్చే మంట. ఎండలో తిరిగి, చెమట పట్టి, మధ్యాహ్నం దాకా రెండు గ్లాసులు కూడా తాగని రోజున మూత్రం ముదురు పసుపు రంగులో, చిక్కగా, కొంచెమే వస్తుంది. అది వచ్చే దారంతా మండుతుంది. వరసగా మూడు నాలుగు గ్లాసుల నీళ్లో, పల్చటి మజ్జిగో తాగితే రెండు మూడు గంటల్లో రంగు తేటపడుతుంది, మంటా తగ్గుతుంది. ఇక్కడ ఏ మూలికా అక్కర్లేదు.

రెండోది ఇన్‌ఫెక్షన్. వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు. పొత్తికడుపులో పట్టేసినట్టు నొప్పి. మూత్రం మబ్బుగా ఉంటుంది, వాసన మారుతుంది, ఒక్కోసారి రక్తపు జీర కనిపిస్తుంది. ఎన్ని నీళ్లు తాగినా మంట పూర్తిగా పోదు.

మూడోది చాలామందికి తట్టదు. బయట దురద, చర్మం ఎర్రబారడం, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే అది ఫంగస్. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి, అందుకని అవి వాడేవాళ్లలో ఇది ఎక్కువ. దీనికి పల్లేరు ఏమీ చేయదు. డాక్టరుకు చూపించి ఫంగస్ మందు వాడాలి, మాత్ర సంగతి కూడా అడగాలి.

ఇక ఇంట్లో కషాయంతో కాలక్షేపం చేయకూడనివాళ్లు ఎవరో ముందే చెప్పుకోవాలి. గర్భిణులు, మగవాళ్లు, చిన్నపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీలో రాయి ఉందని తెలిసినవాళ్లు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు, మూత్రపు గొట్టం వేసి ఉన్నవాళ్లు. వీళ్లలో చిన్న ఇన్‌ఫెక్షన్ అని ఉండదు. గర్భిణులకైతే మంట లేకపోయినా, కల్చర్‌లో, అంటే మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, క్రిములు పెరిగితే మందు వాడాల్సిందే. వీళ్లు కాక ఎవరికైనా సరే 100.4 డిగ్రీలు దాటి జ్వరం, వణుకు, వీపు పక్కన డొక్కలో నొప్పి, వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారాక చూద్దాం అనే మాట ఇక్కడ పనికిరాదు. కాబట్టి కింద రాసిందంతా మిగతా జబ్బులేమీ లేని, గర్భం లేని, జ్వరం లేని ఆడవాళ్ల కోసం.

మూలిక ఏం చేస్తుంది, ఏం చేయదు

మూత్రాశయపు ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఈ.కొలి అనే బాక్టీరియా పని. అది మన పేగుల్లోదే. దాని ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది, ఆ నూగుతో మూత్రాశయం గోడను పట్టుకుంటుంది. పట్టు దొరికితే నిలుస్తుంది, దొరక్కపోతే మూత్రంతో పాటు కొట్టుకుపోతుంది.

పల్లేరు సారం, గలిజేరు సారం, తులసి సారం ఈ క్రిమిని చంపాయని చెప్పే ప్రయోగాలు బోలెడు. వాటిలో చాలావరకు గాజు పళ్లెంలో జరిగినవి. క్రిములు పెంచిన పళ్లెంలో గుంట చేసి సారం పోస్తారు, చుట్టూ ఎంత మేర క్రిములు చచ్చాయో కొలుస్తారు. అక్కడ వాడే సారం తరచుగా మిథనాల్‌తోనో ఆల్కహాల్‌తోనో తీసింది, ఇంట్లో నీళ్లలో కాచింది కాదు. అసలు లెక్క ఇంకోటుంది. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల సారం ఉంటే క్రిమి ఆగిందనుకుందాం. రోజుకు లీటరున్నర మూత్రం వస్తుందనుకుంటే, అందులో అంత గాఢత రావాలంటే ఏడున్నర గ్రాముల సారం చెక్కుచెదరకుండా మూత్రంలోకి దిగాలి. 24 గ్రాముల పల్లేరు కాస్తే నీళ్లలోకి దిగేది పదో వంతు అనుకున్నా రెండున్నర గ్రాములే. అది పేగు దాటి, కాలేయం దాటి, మూత్రంలోకి వచ్చేసరికి ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు. యాంటీబయాటిక్‌కు ఈ ఇబ్బంది లేదు, దాని పని మైక్రోగ్రాముల్లో నడుస్తుంది.

అంటే కషాయం క్రిమిని చంపదు. మూత్రం ధారాళంగా వచ్చేట్టు చేస్తుంది, పట్టు సడలిన క్రిములను కడిగేస్తుంది, ఆ వంకన మన చేత నీళ్లు తాగిస్తుంది. ఈ ఆఖరి పని చిన్నదేమీ కాదు. తరచూ ఇన్‌ఫెక్షన్ వచ్చే, రోజుకు లీటరున్నర కన్నా తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ల మీద జరిగిన పరిశీలన 2018లో వెలువడింది. వాళ్లలో సగం మంది రోజూ తాగేదానికి తోడు ఇంకో లీటరున్నర నీళ్లు తాగారు. ఏడాది తిరిగేసరికి వీళ్లకు సగటున 1.7 సార్లు జబ్బు వస్తే, మామూలుగా తాగినవాళ్లకు 3.2 సార్లు వచ్చింది. అవి వట్టి నీళ్లు, అందులో ఏ ఆకూ లేదు.

ఇంకో సంగతి: మామూలు మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ కొందరిలో ఏ మందూ లేకుండానే వారంలో తగ్గిపోతుంది. ఆ వారంలో ఏది తాగితే దానికి పేరొస్తుంది.

కాచేముందు సీసా

పొయ్యి దగ్గరకు వెళ్లేముందు మూత్రం కల్చర్‌కు ఇవ్వండి. కల్చర్ అండ్ సెన్సిటివిటీ అని అడిగితే ల్యాబ్ వాళ్లు మూత బిగించిన శుభ్రమైన సీసా ఇస్తారు. ఫలితం రావడానికి రెండు రోజులు పడుతుంది. కషాయానికి మీరిచ్చే గడువూ రెండు రోజులే కాబట్టి రెండూ ఒకేసారి తేలతాయి. యాంటీబయాటిక్ ఒక్క మాత్ర వేసుకున్నాక ఇస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. లీటర్ల కొద్దీ బార్లీ నీళ్లు తాగాక ఇచ్చినా క్రిముల లెక్క పల్చబడి తక్కువ చూపిస్తుంది. పొద్దున్నే మొదటి మూత్రం మంచిది.

పట్టే పద్ధతి ఇదీ: నీళ్లతో కడుక్కోవాలి, డెటాల్ లాంటిది వాడకూడదు, అది సీసాలో పడితే క్రిములు చస్తాయి. మొదటి ధార కిందికి వదిలేసి, నడుమ ధార సీసాలో పట్టి, చివరిది మళ్లీ వదిలేయాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, 24 గంటల దాకా ఆగుతుంది. స్కూటర్ డిక్కీలో పెట్టుకుని అమీర్‌పేటలో పని చూసుకుని సాయంత్రం ఇద్దాంలే అనుకుంటే మాత్రం చెడుతుంది. ఈ.కొలి అనువైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, మే నెల డిక్కీ దానికి పొదుగు పెట్టె. లేని ఇన్‌ఫెక్షన్ కాగితం మీద పుడుతుంది.

కాగితంలో చూడాల్సినవి: పస్ సెల్స్ (చీము కణాలు) మామూలుగా 5 లోపు ఉండాలి. కల్చర్‌లో ఒకే రకం క్రిమి మిల్లీలీటరుకు లక్ష దాటితే ఇన్‌ఫెక్షన్ ఖాయం. మంట ఉన్నవాళ్లలో అంతకన్నా తక్కువ లెక్కనూ డాక్టర్లు పట్టించుకుంటారు. మూడు నాలుగు రకాలు కలిసి పెరిగాయని రాస్తే సాధారణంగా అది సీసా పట్టడంలో తేడా, మళ్లీ ఇవ్వాలి.

ఏది పల్లేరు, ఏది కాదు

బేగంబజార్, సిద్ది అంబర్ బజార్ వైపు జడీబూటీ దుకాణాల్లో గోఖ్రూ అంటే పల్లేరు కాయలు ఇస్తారు. చార్మినార్ పక్క యునానీ దుకాణాల్లో దీన్నే ఖారే ఖసక్ అంటారు. అయితే పల్లేరులో రెండున్నాయి. చిన్న పల్లేరు కాయ శనగగింజంత ఉంటుంది, ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది, ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లుంటాయి. చెప్పుకు గుచ్చుకునేది ఇదే. రెండోది ఏనుగు పల్లేరు. కాయ పెద్దది, నాలుగు పలకలుగా ఉంటుంది, మూలకో ముల్లు. ఇదీ మూత్రపు బాధలకే వాడతారు గానీ వేరే మొక్క, వేరే మోతాదు. అనుమానముంటే నాలుగు కాయలు గ్లాసు నీళ్లలో వేసి అరగంట ఉంచి వేలు పెట్టి చూడండి. నీళ్లు బెండకాయ జిగురులా సాగితే ఏనుగు పల్లేరు.

పొడి కొనకండి. పొడైపోయాక ఏది ఏమిటో దుకాణదారుకే తెలియదు. కాయలు కొని ఇంట్లో దంచుకోవాలి.

గలిజేరుతో ఇంకా గందరగోళం. మందుకు వాడే గలిజేరు పునర్నవ, అంటే అటికమామిడి. ఆకులు జంటగా ఉంటాయి, జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆకు అడుగు తెల్లగా పాలిపోయి ఉంటుంది. చిన్న గులాబీ పూలు సన్నటి కాడల మీద చెట్టుకు దూరంగా లేస్తాయి, కాయలు జిగటగా బట్టలకు అంటుకుంటాయి. దాని పక్కనే, అదే గలిజేరు పేరుతో, గోడ వారగా పెరిగే ఇంకో మొక్క ఉంది. దాని కాండం, ఆకు నీరు పట్టినట్టు దళసరిగా ఉంటాయి, పువ్వు ఆకు మొదట్లోనే అతుక్కుని ఉంటుంది. అది కూర ఆకు, ఆక్సలేట్లు ఎక్కువ, రాళ్ల తత్వం ఉన్నవాళ్లకు మంచిది కాదు. మార్కెట్లో ఒకదానికి బదులు ఇంకోటి రావడం మామూలే. తేల్చుకోలేకపోతే గలిజేరు జోలికి పోకండి, పల్లేరు ఒక్కటి చాలు.

కొండపిండి అని పిలిచే తెలగపిండి ఆకు సులువు. కాడ పొడుగునా ఆకు మొదళ్లలో తెల్లటి దూది లాంటి పూలుంటాయి. మందుల దుకాణంలో దీన్నే పాషాణభేది అంటారు, ఉత్తరాదిలో ఆ పేరుతో అమ్మేది హిమాలయాల మొక్క వేరు. తెలగపిండిని మందులా కన్నా కూరలా తినడమే మేలు: గుప్పెడు లేత ఆకు, పెసరపప్పు, పచ్చిమిర్చి, వెల్లుల్లి తాలింపు.

రెండు మొక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. ఈశ్వరి వేరు, గాడిదగడప ఆకు ఒకే జాతివి. వీటిలో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీని పాడుచేస్తుంది, మూత్రనాళంలో కాన్సర్ తెస్తుంది. ఎవరు ఇచ్చినా వద్దనండి. ఇక రాళ్లకు రోజుకు రెండు రణపాల ఆకులు నమలమని ఫోన్లలో తిరిగే సందేశం. దానిలో గుండె మీద పనిచేసే పదార్థాలున్నాయి, గుండె మందులు వాడేవాళ్లు ముట్టకూడదు.

కషాయం

కావలసినవి: పల్లేరు కాయలు 24 గ్రాములు, నీళ్లు 400 మిల్లీలీటర్లు, వెడల్పు తక్కువగా ఉన్న స్టీలు గిన్నె, పలుచటి నూలుబట్ట, ఒక చీపురుపుల్ల. నల్లా నీళ్లు చాలు. బోరు నీళ్లయితే గిన్నెకు తెల్లగా గార కడుతుంది, రుచీ మారుతుంది.

కాయల్లో మట్టి చాలా ఉంటుంది. చల్లటి నీళ్లలో వేసి గరిటెతో తిప్పి, మీద తేలిన చెత్త పారేసి, రెండు మూడు నీళ్లు మార్చండి. చేత్తో పిసికితే ముళ్లు దిగుతాయి. గుడ్డ మీద ఆరబెట్టి రోట్లో బరకగా దంచండి, ఉప్మా రవ్వ కన్నా పెద్దగా, పగిలిన పెసరబద్దంత. మిక్సీలో మెత్తగా చేయడం అందరూ చేసే తప్పు. మెత్తటి పొడి అడుగంటి మాడుతుంది, వడకడితే బట్ట రంధ్రాలు మూసుకుపోతాయి, చివరికి బురద తాగాల్సి వస్తుంది.

చీపురుపుల్ల ఎందుకంటే కొలతకు. ముందు ఖాళీ గిన్నెలో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి పుల్ల నిలువుగా ముంచండి, తడిసినంత మేర గోటితో గీత గీయండి. తర్వాత మిగతా 300 పోసి, దంచిన కాయలు వేసి, రెండు గంటలు నానబెట్టండి. పొయ్యి వెలిగించి ఒక్క పొంగు రాగానే మంట బాగా తగ్గించండి. మూత పెట్టకూడదు. నీళ్ల మీద చిన్న బుడగలు అక్కడక్కడ లేస్తూ ఉండాలి, తెర్లకూడదు. సన్నటి మంట మీద 40 నుంచి 50 నిమిషాలు పడుతుంది. అరగంట దాటాక అప్పుడప్పుడూ పుల్ల ముంచి చూడండి. కాయలు కూడా కొంత చోటు ఆక్రమిస్తాయి, కాబట్టి గీతకు కాస్త పైన ఉండగానే దించితే వడకట్టాక సుమారు 100 మిల్లీలీటర్లు వస్తుంది. వెచ్చగా ఉండగానే బట్టలో మూటకట్టి, గరిటెతో నొక్కి పిండండి. ముళ్లున్నాయి కాబట్టి చేత్తో పిండకండి.

శాస్త్రంలో గట్టి ద్రవ్యానికి పదహారు రెట్లు నీళ్లు పోసి నాలుగో వంతుకు దించమని ఒక లెక్క, ఎనిమిదో వంతుకు దించమని ఇంకో లెక్క ఉన్నాయి. ఎనిమిదో వంతంటే 50 మిల్లీలీటర్లు. గ్యాస్ పొయ్యి మీద ఆఖరి పది నిమిషాల్లో అడుగంటిపోయేది ఇక్కడే. మాడిన వాసన వస్తే పారబోసి మళ్లీ మొదలుపెట్టండి, బెల్లం వేసి కప్పెట్టొద్దు. నాలుగో వంతు చాలు.

బాగా కుదిరిన కషాయం లేత టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. కొద్దిగా వగరు, చివర్లో చిన్న తీపి. సగం పొద్దున, సగం సాయంత్రం, తిన్న గంటకు. సాయంత్రం వాటా ఫ్రిజ్‌లో పెట్టి కొద్దిగా వెచ్చచేసుకోండి. బయట పెడితే మే నెలలో సాయంత్రానికే పులుపెక్కుతుంది. రేపటికి దాచకండి. మోతాదు పెంచితే పని పెరుగుతుందనుకోవద్దు. రాళ్లు రాకుండా ఉంటాయని పల్లేరు నీళ్లు లీటర్ల లెక్కన తాగి, కాలేయం, కిడ్నీ రెండూ దెబ్బతిన్న కుర్రాడి కేసు ఇరాన్ నుంచి వైద్య పత్రికకెక్కింది.

ధనియాల నీళ్లకు ఇంత తతంగం లేదు. 20 గ్రాముల ధనియాలు నలిపి, 120 మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రి వేసి, పొద్దున చేత్తో పిసికి వడకట్టాలి. ఒకటికి ఆరు, ఇదే లెక్క. కాచకూడదు, కాస్తే వాసనంతా ఆవిరైపోతుంది. బార్లీకి 30 గ్రాముల గింజలు కడిగి, లీటరు నీళ్లలో పాతిక నిమిషాలు ఉడికించి, వడకట్టి, చిటికెడు ఉప్పు, నిమ్మరసం. ఇది రోజు మొత్తానికి. గోధుమ పడనివాళ్లకు బార్లీ కూడా పడదు, రెంటిలోనూ గ్లూటెన్ ఉంది. పాతబస్తీలో దొరికే షర్బతే బజూరీలో దోస గింజలు, కాస్నీ గింజలు ఉంటాయి గానీ అది చక్కెర పాకం, షుగర్ ఉన్నవాళ్లకు కాదు. ఉలవచారు రాళ్ల కోసం చెప్పే మందు, మంట ఉన్నప్పుడు పెడితే ఇంట్లో గొడవ.

తినే సోడా నీళ్లలో కలిపి తాగితే కొందరికి మంట తగ్గినట్టు అనిపించవచ్చు. కానీ క్రిములు ఎక్కడివక్కడే ఉంటాయి, తగ్గిందనుకుని రెండు రోజులు పోగొట్టుకుంటారు. పైగా బీపీ ఉన్నవాళ్లకు అంత సోడియం మంచిది కాదు.

సీసాల్లో, గుళికల్లో వచ్చేవి

క్రాన్‌బెర్రీ మీద ఉన్నంత పరిశోధన మన మూలికల్లో దేనిమీదా లేదు. 2023లో కాక్రేన్ సంస్థ 50 అధ్యయనాలు కలిపి చూసింది. తరచూ ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో మళ్లీ వచ్చే అవకాశాన్ని సుమారు నాలుగో వంతు తగ్గిస్తుందని తేలింది. గమనించండి, ఇది రాకుండా ఆపడం గురించి. వచ్చిన ఇన్‌ఫెక్షన్‌ను క్రాన్‌బెర్రీ తగ్గిస్తుందని ఎక్కడా తేలలేదు. తరచూ అంటే ఆరు నెలల్లో రెండు సార్లు, లేదా ఏడాదిలో మూడు సార్లు. అట్ట మీద క్రాన్‌బెర్రీ సారం 500 మిల్లీగ్రాములు అని రాస్తే ఏమీ తెలియదు. క్రాన్‌బెర్రీలో పనిచేస్తాయనుకునే పదార్థాలు, ప్రోయాంథోసయనిడిన్లు ఎంత అని చూడాలి, అధ్యయనాల్లో ఎక్కువగా వాడింది రోజుకు 36 మిల్లీగ్రాములు. దుకాణంలో ఇండియన్ క్రాన్‌బెర్రీ పేరుతో ఎర్రగా మెరుస్తూ కనిపించేది మన వాక్కాయ. పప్పులో పచ్చడిలో దాన్ని మించింది లేదు, క్రాన్‌బెర్రీతో మాత్రం చుట్టరికం లేదు.

డి మానోస్ అనే ఒక రకం చక్కెర పొడి ఖరీదైనది. రోజుకు 2 గ్రాముల చొప్పున ఆరు నెలలు 598 మంది ఆడవాళ్ల మీద పరీక్షిస్తే, ఉత్తుత్తి పొడి తిన్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2024లో ఫలితాలొచ్చాయి. డబ్బు మిగుల్చుకోండి.

మూలికలనే మందుగా, యాంటీబయాటిక్‌కు ఎదురు నిలబెట్టి చూసిన పెద్ద పరీక్షలు యూరప్‌లో జరిగాయి. 2018లో వెలువడిన పరీక్షలో 659 మంది ఆడవాళ్లు. సగం మందికి సెంటారీ, లవేజ్, రోజ్‌మేరీ కలిసిన మందు, సగం మందికి ఫాస్ఫోమైసిన్. మూలికల గుంపులో 83.5 శాతానికి, రెండో గుంపులో 89.8 శాతానికి వేరే యాంటీబయాటిక్ అవసరం పడలేదు. వినడానికి బాగుంది. కానీ ఇన్‌ఫెక్షన్ కిడ్నీకెక్కినవాళ్లు మూలికల వైపు ఐదుగురు, అటువైపు ఒక్కరు. జర్మనీలో బేర్‌బెర్రీ ఆకుతో చేసిన పరీక్షలోనూ ఇదే తంతు: యాంటీబయాటిక్ వాడకం బాగా తగ్గింది, బాధ మాత్రం ఎక్కువ రోజులుంది. గడువు పెట్టుకుని కాచమనేది అందుకే.

పల్లేరు గుళికల అట్ట మీద సాపోనిన్లు 40 శాతం, 60 శాతం అని ఉంటే అవి జిమ్ కుర్రాళ్ల కోసం చేసినవి. మన కషాయానికీ వాటికీ పోలిక లేదు. చంద్రప్రభా వటి, గోక్షురాది గుగ్గులు సొంతంగా కొనుక్కోకండి. చంద్రప్రభలో లోహభస్మం కూడా ఉంటుంది. ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలోనో, చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రిలోనో చూపించుకుని రాయించుకోండి.

వేరే మాత్రలు వాడేవాళ్లు

పల్లేరు, అటికమామిడి రెండిటిలో పొటాషియం లవణాలుంటాయి, రెండూ మూత్రం ఎక్కువ పోయిస్తాయి. రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరోనొలాక్టోన్ లాంటి బీపీ మాత్రలతో కలిస్తే ఒంట్లో పొటాషియం పెరగవచ్చు. కొబ్బరి నీళ్లకూ ఇదే మాట. లిథియం వాడేవాళ్లు అసలు వద్దు. వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా క్రాన్‌బెర్రీ మొదలుపెట్టకూడదు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లకు కొలత పెట్టినవాళ్లు కింద చెప్పే గంటకో గ్లాసు లెక్క పాటించకూడదు.

రెండు రోజుల లెక్క

మొదటి రోజు పొద్దున సీసా ల్యాబ్‌కు, తర్వాత మొదటి మోతాదు. మేలుకున్నంతసేపూ గంటకో గ్లాసు చొప్పున నీళ్లో, బార్లీయో. మూత్రం బిగబట్టకండి. ఆఫీసులో బాత్‌రూమ్ బాగోలేదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపుకునేవాళ్లే ఈ జబ్బుకు పాత చుట్టాలు. పొద్దున, సాయంత్రం మంటకు పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాయండి, రాత్రి ఎన్నిసార్లు లేచారో కూడా. రోజుకు రెండుసార్లు జ్వరం చూడండి.

48 గంటలు దాటినా మార్కులు సగానికి రాకపోతే కల్చర్ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. మందుల షాపులో పోయినసారి వాడిన మాత్రే ఇమ్మని అడగొద్దు. మన దేశంలో ఈ.కొలి చాలాచోట్ల సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నివేదికలు ఏటా చెబుతున్నాయి. నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. నైట్రోఫ్యురాంటాయిన్ రాస్తే అన్నం తిన్నాకే వేసుకోండి. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే కంగారు పడొద్దు, అది మందు రంగు. దానితోపాటు మంటకని ఆల్కలైజర్ సిరప్ కూడా తాగుతుంటే డాక్టరుకు చెప్పండి. ఆ మాత్ర మూత్రం పులుపుగా ఉంటేనే బాగా పనిచేస్తుంది, సిరప్ ఆ పులుపును విరిచేస్తుంది. యాంటీబయాటిక్ మొదలయ్యాక పల్లేరు ఆపేయండి, నీళ్లు, ధనియాలు చాలు. తగ్గిపోయిందని మాత్రలు మధ్యలో ఆపకండి.

తగ్గుతూ ఉంటే కషాయం మొత్తం ఏడు రోజులకు మించకుండా తాగి ఆపేయండి. మిగిలిన కాయలు దంచకుండానే గాజు సీసాలో వేసి మూత బిగించి పెట్టుకోవచ్చు. వానాకాలం వచ్చాక ఒకసారి తీసి చూడండి. ముళ్ల మధ్య బూడిద రంగు నూగు కనిపిస్తే ఎండబెట్టి వాడదామనుకోవద్దు, బూజు పట్టిన కాయలు పారేయాల్సిందే.